కరుణత్త ట్యూబులైటు

మా చిన్నప్పుడు... సాలూరులో మా ఇంట్లో ఏ మంచం కింద చూసినా ట్యూబులైటు పట్టీలే. ట్యూబు బిగించే పొడుగాటి ఇనప రేకులన్నమాట. ఊరంతా ఎల్‌ఈడీలు పెట్టించుకుని పాతవి పారేస్తుంటే, మా నాన్న ఏరుకొచ్చేవాడు. లోపలుండే రాగిచుట్ల చోక్ చేత్తో తూచి, కాలిన వాసనొస్తోందేమో ముక్కు దగ్గర పెట్టుకుని చూసి... తెగ మురిసిపోయేవాడు.

"ఇదేటి, ఇల్లా, ఇనప కొట్టా?" అని అమ్మ సణుగుడు. నాకూ ఒళ్లు మండేది. కాలు పెట్టే చోటుండాలి కదా!

ఓ శనివారం మధ్యాహ్నం అన్నాలు తింటుంటే, చర్చిలో పాత లైట్లన్నీ పీకి అమ్మేశారని తెలిసింది. నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అందులో ఒకటి మా మామ్మ ఇచ్చింది... చిన్నప్పుడే జ్వరంతో పోయిన మా మేనత్త కరుణ జ్ఞాపకార్థం. ఇచ్చినవాళ్లు పట్టీ మీద పేరు రాయించేవారు కదా. అత్తకి ఫొటో లేదు, సమాధి మీద రాయి కూడా లేదు. ఆ పేరు రాసి ఉన్నది ఆ రేకు మీదే. మామ్మకి చదువు రాకపోయినా, ప్రతి ఆదివారం దాని కిందే కూర్చుని తలెత్తి చూసుకునేది.

తెల్లారితే ఆదివారం.

"బండెక్కమ్మా, బేగి!" అన్నాడు నాన్న.

పాత సామాన్ల కొట్టు ముందు రాయపూర్ వెళ్లే లారీ ఇంజను తిరుగుతూనే ఉంది. లోపల చోకులు పగలగొట్టి రాగి తీస్తున్నారు. పట్టీలన్నీ లారీ పక్కన కుప్ప.

"బేగి సూసుకో బాబూ, లారీవోడు ఆగడు" అన్నాడు సావుకారు.

చూస్తే... అన్నీ తెల్లగానే ఉన్నాయి! క్రిస్మస్‌కి గోడలతో పాటు వాటికీ రంగు కొట్టేశారు. ఒక్క పేరూ కనబడదు. అంత ఎత్తులో ఉండేసరికి మేమెవరం గమనించనే లేదు. మామ్మ ఇన్నాళ్లూ ఒట్టి తెల్లరేకునే చూసుకుంటోంది పాపం.

నాకు ఏడుపొచ్చేసింది. గోరుతో గీకబోయాను.

"గీకకమ్మా! పేరు కూడా ఊడొచ్చేస్తాది. ఎండకి ఏటవాలుగా పట్టి సూడు" అన్నాడు నాన్న.

నిజమే... అలా పడితే రంగు కింద అక్షరాలు ఉబ్బెత్తుగా తేలాయి! ఎవరెవరివో పేర్లు. కాదు... ఇదీ కాదు... అటు కూలీలు కుప్పలోంచి ఎత్తి లారీలో పడేస్తూనే ఉన్నారు. డ్రైవరు హారను మోగిస్తున్నాడు. ఒకతను చేతికెత్తుకున్న పట్టీ మీద ఎండ పడింది.

క... రు... ణ...

"నాన్నా! అదే!" అని అరిచి ఆ పట్టీని పట్టేసుకున్నాను.

తీరా చూస్తే అందులో చోక్ లేదు, రాగి కోసం అప్పటికే పీకి పగలగొట్టేశారు. ఇంటికెళ్లాక నాన్న తన దగ్గరున్న అన్నిట్లోకీ పాత చోక్, నన్ను ముట్టుకోనివ్వని చోక్, తీసి దానికి బిగించాడు. నేను మామ్మ వేలు పట్టుకుని ఆ మూడు అక్షరాల మీదా నడిపించాను.

"ఇదేనేటే... మా కరుణ?" అంది మామ్మ.

స్విచ్ వేశాం. చివర్లు ఎర్రబడ్డాయి... మినుకుమంది... ఆగిపోయింది. నాన్న స్టార్టరు కాస్త తిప్పాడు. మళ్లీ మినుకు... మినుకు... ఇల్లంతా తెల్లగా వెలిగింది. మామ్మ ఆ వెలుతుర్లో కూర్చుని తనివితీరా ఏడ్చింది.

ఇప్పుడు మామ్మా లేదు. స్టార్టరు అడిగితే షాపువాళ్లు నవ్వుతున్నారు. ఈనాటి లైట్లు నొక్కగానే వెలుగుతాయి, వాటి మీద కంపెనీ పేరు తప్ప ఎవరి పేరూ ఉండదు...

మీ చర్చిలోనో గుడిలోనో పాత పట్టీలు పీకేస్తుంటే, తూకానికి వేసే ముందు ఒక్కసారి ఎండకి ఏటవాలుగా పట్టి చూడండి. ఎవరి పేరు తేలిందో నాకూ చెప్పండి...