పిస్టల్ తుడవడం నేర్పిన సార్

మా షూటింగ్ సార్ పోయారన్న ఫోను పొద్దున్నే, మైదుకూరులో మా నూనె అంగడి తలుపులు తీస్తుండగా వచ్చింది. చేసింది సార్ భార్య. "మీ సార్ పోయినాడు పాపా," అన్నారు. తర్వాత, "ఇంకమీద పిస్టలు తుడిచేది నువ్వేనంట. నిన్న సాయంత్రం చెప్పినాడు," అన్నారు. చావు కబురులో పిస్టల్ మాట వచ్చే ఇల్లు ఇంకెక్కడా ఉండదేమో. నాకు మాత్రం ఆ మాట దగ్గరే ఏడుపు ఆగలేదు. ఆ మాట కోసం నేను రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను.

సార్‌ది కోయిలకుంట్ల దగ్గర పల్లె. పోలీసుల ఆయుధాల గదిలో తుపాకులు బాగుచేస్తూ రిటైర్ అయ్యారు. ఆ తర్వాత కర్నూలు బయట మా చిన్న క్లబ్బులో ఇరవై ఐదు మీటర్ల పిస్టల్ నేర్పారు. ఆయన ఒక్క పోటీలో కూడా కాల్చినవారు కాదు. కాలేజీ చదువుకని కర్నూలు వచ్చి క్లబ్బులో చేరిన నాకు మొదటి నెలంతా తూటా ముట్టనివ్వకుండా తుడవడమే నేర్పారు. "కాల్చేది ఎవురైనా నేర్పుతారు. ఇది నేర్పేటోడు దొరకడు," అని దబాయించేవారు.

ముందు తూటాలుండే మ్యాగజీన్ తీసి పక్కన పెట్టాలి. పిస్టల్ పైనుండే స్లైడు వెనక్కి లాగి, తూటా కూర్చునే చోట చిటికెన వేలు పెట్టి చూడాలి. "ఖాళీనా?" అని ఆయన అడుగుతారు. కంటితో చూసి "ఖాళీ సార్" అంటే ఒప్పుకోరు, "వేలు ఏమంటాంది?" అని మళ్లీ అడుగుతారు. ఆ తర్వాత పాత పళ్ల బ్రష్షుతో మసి దులపడం, పొడిగుడ్డతో ఒత్తడం. ఇది రోజూ, కాల్చిన ప్రతిసారీ. తూటా పోయే గొట్టం, అదే బ్యారెల్, సంగతి వేరు. దానికో నైలాన్ తాడు, తాడు చివర రెండువేళ్ల వెడల్పు పేలిక. ఆ పేలికలన్నీ సార్ పాత పంచెల్లోంచి కత్తిరించినవే. తాడు వెనకనుంచి దూర్చి ముందుకు లాగాలి. అదీ రోజూ కాదు. తూటాలు అట్టమీద ఒకచోట పడడాన్ని ఆయన గుంపు అనేవారు. ఆ గుంపు చెదిరినప్పుడో, వాన తడి తగిలినప్పుడో తప్ప బ్యారెల్ జోలికి పోకూడదు. ఇక నూనె అంటారా, సూదిమొనకు అంటినంత. "మన సీమ దుమ్ము సంగతి నీకు తెల్దా? నూనె పోస్తే దుమ్మును విందుకు పిల్చినట్టే," అనేవారు.

నూనె అంగడి వాళ్ల పిల్లకు ఈ మాట చెప్పడం ఎంత కష్టమో మీరే ఊహించండి. మా ఇంట్లో దసరా వచ్చిందంటే కాటా, రాళ్లు, గరాటాలు, ఆఖరికి తాళంకప్ప కూడా తళతళలాడేదాకా తోమి, నూనె రాసి, బొట్టు పెట్టాల్సిందే.

రెండేళ్ల కిందట దసరా అయిన రెండో రోజే రాష్ట్ర పోటీ. పండక్కి సార్ ఊరికి పోయారు. క్లబ్బులో ఆయుధపూజకని తుపాకులు బయట పెట్టారు. నా భక్తి అంతా నేను కాల్చే పిస్టల్ మీద చూపించాను. ఇత్తడి బ్రష్షుతో బ్యారెల్ తోమాను. పేలిక నల్లగా వచ్చింది, బూడిదరంగులో వచ్చింది, ఇంకా తోమాను. మధ్యాహ్నానికి పేలిక మల్లెపూవులా వచ్చింది. నూనె దండిగా పట్టించి, స్లైడు మీద కుంకుమ బొట్టు పెట్టి, వేలు ఆ తెల్ల పేలిక అంచుకే తుడుచుకుని దండం పెట్టుకున్నాను. గొప్ప పని చేశాననే అనుకున్నాను.

పోటీలో గురి సరిచూసుకోవడానికి ముందుగా ఐదు తూటాలు ఇస్తారు. ఐదూ ఎడమకు, కిందికి పోయాయి. నేను గురి మర తిప్పి సరిచేశాను. పాయింట్ల లెక్క మొదలైన కాసేపటికి బ్యారెల్‌లో నూనె కాలిపోయి, పిస్టల్ తన దారికి తాను వచ్చింది. నేను తిప్పిన గురి మాత్రం పక్కకు పోయింది. అది తెలుసుకునేలోపే రాష్ట్ర జట్టులో నా చోటు పోయింది.

తిరుగు బస్సులో సార్ నా అట్టలు ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశారు. తర్వాత, "ఏం జేసినావు పాపా? దాయకుండా చెప్పు," అన్నారు. చెప్పాను. ఎంత బాగా తుడిచానో చూడమని, బ్యాగులో దాచుకున్న ఆ తెల్ల పేలిక కూడా తీసి చేతికిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"నూనె యాడాడ పూసినావు?"

"అంతటా సార్."

"మీ నాయన కాటా అనుకుంటివా?" అని నవ్వబోయి ఆపుకున్నారు. "తప్పు నాది పాపా. తుడిచేది చెప్పినా గాని యాడ నిలపాలో చెప్పల్యా. కొత్త బ్యారెల్ చేసేదానికి కాదు మనం తుడిచేది. పేలిక బూడిదరంగుకు వచ్చిందా, చాలు, నిలిపెయ్. తుడిచినాక పది తూటాలు మట్టిగోడకు కొట్టు, ఆమీటే గురి చూడు." పేలికను మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయినా నువ్వు ఇంక ఆ తాడు ముట్టాకు. నేను చెప్పేదాంక."

ఆయన చెప్పలేదు. రెండేళ్లు నా పిస్టల్ ఆయనే తుడిచారు. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఆయన చెయ్యి మూడో పేలిక దగ్గరో, నాలుగో పేలిక దగ్గరో ఆగిపోయేది. మరుసటి ఏడు రాష్ట్రంలో నాకు వెండి పతకం వచ్చినప్పుడు, పెద్ద ఊరి కోచ్ ఒకాయన నా బ్యారెల్‌లోకి కన్ను పెట్టి చూసి మొహం చిట్లించారు. "ఎన్నాళ్లకోసారి క్లీన్ చేస్తారండీ?" అని అడిగారు.

"అది అడిగినప్పుడు సార్," అన్నారు మా సార్.

"ఏది అడిగినప్పుడు?"

"పిస్టలు. గుంపు చెదిరితే అడిగినట్టు. పాప అట్ట చూడండి, ఏమైనా అడుగుతాండాదా?"

ఆ కోచ్ అట్ట చూసి, పిస్టల్ తిరిగి నా చేతికి ఇచ్చేశారు. మా సార్ ఛాతీ అంత వెడల్పని ఆ రోజే చూశాను. అయినా పతకం వచ్చింది కదా అని తాడు నా చేతికి ఇస్తారేమోనని ఎదురుచూశాను. ఇవ్వలేదు. ఆయన ఆయాసం ముదిరి ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడబోయాను. అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. నా చేతిమీద ఆయనకు నమ్మకం పోయిందనే అనుకున్నాను.

దినాల రోజు సార్ ఇంటికి పోతే, అమ్మగారు పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టారు. తాడు, సూది, పళ్ల బ్రష్షు, తెల్లటి పేలికల కట్ట. మూత లోపల పారదర్శక కాగితం కింద అతికించిన ఒక పేలిక. దాని అంచున ఇంత కుంకుమ మరక. గుర్తుపట్టాను.

"వచ్చినోళ్లందరికీ అదే చూపిస్తాండె," అన్నారు ఆవిడ. "'నా సర్వీసంతా తుడిచినా నాకు ఇంత తెల్లగా రాలేదు, మా పాపకు వచ్చిండాది. ఆ చేతికి నిలిపేది ఒక్కటి తెలిస్తే నన్ను మించిపోతాది, చూస్తాండు,' అంటాండె."

మర్నాడు క్లబ్బు కార్యదర్శి బీరువా తీసి పిస్టల్ ఇచ్చారు. చిటికెన వేలు పెట్టాను. అడిగేవారు లేకపోయినా "ఖాళీ సార్" అన్నాను. మొదటి పేలిక నల్లగా వచ్చింది, రెండోది అంతకంటే కొంచెం తక్కువ నలుపు. మూడోది బూడిదరంగు. నాలుగో పేలిక అప్పటికే తాడుకు తగిలించి ఉన్నాను. మా ఇంటి చెయ్యి కదా, లాగమంది. విప్పి కట్టలో పెట్టేశాను.

పది తూటాలు మట్టిగోడకు కొట్టాను. ఆ తర్వాత ఐదు అట్టమీద కొట్టాను, ఐదింటినీ ఒక్క రూపాయి బిళ్లతో కప్పేయొచ్చు. వెనక్కి తిరిగి చూశాను, ఎప్పుడూ ఆయన కూర్చునే కుర్చీ వైపు. తర్వాత డబ్బా మూత తెరిచి, కుంకుమ మరక ఉన్న ఆ తెల్ల పేలిక పక్కనే నా బూడిదరంగు పేలికను అతికించాను.