కడప దాకా మూత తీయని క్యారియర్

నిన్న ఫోన్‌లో ఈ నాయనమ్మను చూసి మీరిద్దరూ ఒకటే నవ్వు. కడపలో తీసిన ఫోటో చూసి, "జేజీ, ఆ క్యారియర్‌ను అంత గట్టిగా పట్టుకున్నావేంది, ఎవరన్నా ఎత్తుకుపోతారనా?" అని అడిగారు. ఎత్తుకుపోతారని కాదు నాన్నా, నేనే మూత తీసేస్తానేమోనని భయం. చెప్పబోయేలోగా మీ నాయన ఫోన్ లాక్కున్నాడు. అందుకే ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను, వినండి.

మన కర్నూలు ఇంట్లో మేడ మీది గదిలో ఒక పాప అద్దెకుంటోంది. బద్వేలు పిల్ల, ఈడ డాక్టరు చదువుతోంది. వాళ్ల నాయనకు బద్వేలులో కిరాణా అంగడి ఉంది. పొద్దున తెరిచిన అంగడిని మూసేదాకా ఆయన కదలడు. పాపను కాలేజీలో చేర్చడానికి వచ్చాడు, అంతే, మళ్లీ కర్నూలు మొహం చూడలేదు. కూతురు అక్కడేం చదువుతుందో ఆయనకు సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "మా పాప సూదులేసే చదువు చదువుతాండాది" అంటాడట.

ఒక సాయంత్రం ఆ పాప మెట్లు దిగి వచ్చి, వరండాలో బేతంచెర్ల బండల మీద నా పక్కన చతికిలబడింది. ఎండాకాలంలో ఆ బండల చల్లదనం ముందు ఫ్యాను ఎందుకూ పనికిరాదు.

"అవ్వా, నాకొక సాయం చేయల్ల."

"ఏంది, మళ్లా మోటారు కాలిపోయిందా?"

"అది గాదవ్వా. ముసలోళ్లంటే మా డాక్టరు పిల్లోళ్లు లోపల ఏమనుకుంటాండారో కొలుస్తాండా."

"కొలుస్తాండావా? సేరుతోనా, మూరతోనా?"

"కాగితంతో!" అని నవ్వి, చేతిలోని కాగితం చదివి వినిపించింది. దాంట్లో వరసగా మాటలు రాసి ఉన్నాయి. ముసలివాళ్లు చెప్పిందే చెబుతారు. ముసలివాళ్లతో మాట్లాడటం నాకు ఇష్టం. ముసలి రోగి వస్తే నాకు విసుగొస్తుంది. అట్లా ఒక్కొక్క మాటకూ పూర్తిగా ఒప్పుకుంటాను అన్న దగ్గర నుంచి అస్సలు ఒప్పుకోను అన్న దాకా గళ్లు. పిల్లలు ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. పేరు రాయక్కర్లేదు. మధ్యలో "ఏమీ చెప్పలేను" అని కూడా ఒక గడి ఉంది.

"ఏమీ చెప్పలేకపోయినా మార్కులు ఏస్తారా? మా కాలంలో అట్ల ఉండింటే నేనూ డాక్టరునయ్యేదాన్ని" అన్నాను.

పాప చేయాల్సిన పని ఇది. ముందు పిల్లల చేత ఆ కాగితం నింపించాలి. తర్వాత కొన్ని వారాలు వాళ్లను ముసలివాళ్లతో కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఆఖరున అదే కాగితం మళ్లీ నింపించాలి. ముందుకూ వెనక్కూ తేడా చూస్తే మనసు ఏమన్నా మారిందో లేదో తెలుస్తుంది. మాట్లాడటానికి ముసలివాళ్లు కావాలి. మా వీధిలో ముసలివాళ్లకేం కొదవ? నేను, ఇంకొందరు ఒప్పుకున్నాం.

"ఇది బాగా చేస్తే మా మేడమ్ నన్ను కడపకు పంపుతాది అవ్వా. ఆడ డాక్టరు పిల్లోళ్ల మీటింగు ఉండాది. అందరి ముందరా స్టేజీ ఎక్కి చెప్పల్ల." అంతవరకూ గలగలా చెప్పిన పిల్ల గొంతు తగ్గించింది. "కర్నూలంటే మా నాయన రాడు. కడపయితే బద్వేలు నుంచి బస్సెక్కితే వచ్చేస్తాడు. ఒక్కతూరి నన్ను స్టేజీ మీద చూస్తే సూదులేసే చదువు అనడు గదా."

అప్పటి నుంచి ఆ కడప మీటింగు నాకూ పట్టుకుంది.

మొదటి రోజు కాలేజీకి పిలుచుకుపోయింది. పిల్లలు ముందు కాగితం నింపుతారు, తర్వాత మమ్మల్ని పరిచయం చేస్తారు, అదీ లెక్క. మీకు తెలుసు కదా, నేను ఎవరింటికీ ఉత్త చేతులతో పోను. పొద్దున్నే లేచి భక్షాలు, అదే మీరు బొబ్బట్లంటారే, అవి చేసి, నెయ్యి రాసి, క్యారియర్ నిండా సర్దుకున్నాను. బద్వేలు పాప వాటిని ఓళిగలంటుంది. పేరేదైతేనేం, ఆమె కూడా వద్దనలేదు. వద్దనాలని ఆమెకు తోచనేలేదు. మా ఊళ్లల్లో పెద్దావిడ తినడానికి తెస్తే వద్దని ఎవరంటారు?

తరగతిలో అడుగుపెట్టేసరికి పిల్లల మొహాలు వాడిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి పాఠాలట, టిఫిన్ కూడా తినలేదట. కాగితాలు ఇంకా పంచలేదు. నేను క్యారియర్ విప్పాను. కాసేపట్లో గిన్నెలన్నీ ఖాళీ. నెయ్యి చేతులు రుమాళ్లకు తుడుచుకుని, నన్ను చూసి నవ్వుతూ అందరూ బుద్ధిగా కాగితాలు నింపారు. నేను ముందు వరసలో కూర్చుని వాళ్లనే చూస్తున్నాను.

రెండు రోజులకు పాప కిందికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"అంతా పాడయిపోయింది అవ్వా. ఒక్కడు గూడా ముసలోళ్లంటే విసుగని రాయలా. అందరికీ ముసలోళ్లంటే ప్రాణమంట!"

"మంచిదే గదా?"

"ఏం మంచిది? మొదట్లోనే ఇంత ప్రేముంటే ఆఖరుకు ఏం పెరుగుతాది? తేడా యాడ చూపించేది?"

కాగితాలు చూసి వాళ్ల మేడమ్ విరగబడి నవ్విందట. రిటైరు కాబోతున్న మనిషి, ఆమెకూ జుట్టు నెరిసింది. "భక్షం తిన్న నోటితో, అది చేసిన అవ్వ ఎదురుగా కూకోనుంటే, ముసలోళ్లు విసిగిస్తారని ఎవురు రాస్తారమ్మా?" అందట. ఆ తరగతిని పక్కన పెట్టి వేరే తరగతితో మళ్లీ మొదలుపెట్టమందట. ఈసారి కాగితాలు నింపేటప్పుడు ముసలివాళ్లెవరూ గదిలో ఉండకూడదు, క్యారియర్ గేటు దాటకూడదు అని గట్టిగా చెప్పిందట.

"టైము సరిపోదవ్వా. కడప దగ్గరికొచ్చేస్తాండాది" అని పాప కళ్లు తుడుచుకుంది.

"ఏడవద్దు పాపా. కూకున్న చోట తేలేది గాదు, రేపే మొదలుపెట్టు" అన్నాను. ఆమెను మేడ మీదికి పంపి, నేను మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాను.

మర్నాడు కొత్త తరగతి కాగితాలు నింపింది. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం పాప కాగితాల కట్టను వీపు వెనక దాచుకుని మెట్లెక్కబోయింది.

"చూపీ."

"వద్దవ్వా, నొచ్చుకుంటావు."

"చూపీ అంటాండా."

చూస్తే ఏముంది, నిజం రాశారు పిల్లలు! ముసలివాళ్లు చెప్పిందే చెబుతారు అన్నదానికి దాదాపు అందరూ ఒప్పుకున్నారు. ఒకడైతే టిక్కు చాలదని పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు. నాకు నవ్వాగలేదు. మా ఎదురింటామె తన కీళ్ల నొప్పుల సంగతి నాకే ఎన్నిసార్లు చెప్పిందో! ఆ పిల్లలు రాసినదాంట్లో తప్పేముంది?

వారం తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒక్కొక్క ముసలివారి ముందు ఒక్కొక్క పిల్లో పిల్లవాడో. నా ముందుకు పొడుగాటి కుర్రవాడొకడు వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, నంద్యాలకు వినపడేలా అరిచాడు.

"అవ్వా! బాగుండావా!"

"నా చెవులు బాగానే ఉండాయి నాయనా. నీ గొంతుకే ఏమో అయ్యుండాది."

వాడు సిగ్గుపడి గొంతు తగ్గించాడు. తగ్గించి, నన్ను కాకుండా నా పక్కన నిలబడ్డ బద్వేలు పాపను అడగడం మొదలుపెట్టాడు. "అవ్వకు నిద్ర పడతాదా? అవ్వ టైముకు తింటాదా?"

మీకు తెలుసు కదా, ఆసుపత్రిలో నాకెప్పుడూ జరిగేది ఇదే. నొప్పి నాది, ప్రశ్నలు మీ నాయనకు. అందుకని నేనూ పాప వైపే తిరిగి, "ఈ అబ్బికి నిద్ర పడతాదా? టైముకు తింటాడా?" అని అడిగాను.

వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వాడు. కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"పడదవ్వా. పరీక్షలు. హాస్టల్లో సాంబారు తాగలేక చస్తాండా."

"అయితే ముందు నీ సంగతి చెప్పు. నాది తర్వాత చూద్దాం."

అట్లా చెప్పుకుంటూ పోయాం. వాడు రాసుకోవాల్సినవి రాసుకున్నాడు, మోకాలు కూడా పట్టి చూశాడు. ఆ వారాల్లో నేను ఒక్క మురుకు ముక్క కూడా తీసుకుపోలేదు. పిల్లలు బక్కచిక్కి కనిపిస్తుంటే ఉత్త చేతులతో కూర్చోవడం ఎంత కష్టమో ఆ మేడమ్‌కు ఏం తెలుసు!

ఆఖరి కాగితాలు నింపాక పాప లెక్కలు వేసింది. విసుగు తగ్గింది. మాట్లాడటం ఇష్టం అన్నది పెరిగింది, మరీ ఎక్కువేం కాదు, కొంచెం. కానీ ఒకటి మాత్రం ఇంకా చెడిపోయింది. ముసలివాళ్లు ఒక సంగతి మొదలుపెడితే పొడుగ్గా లాగుతారు అన్నదానికి ఒప్పుకునేవాళ్లు ముందుకంటే ఎక్కువయ్యారు. పాప దిగులుగా నా వైపు చూసింది. ఇంతసేపు వింటున్నారు కదా, అది ఎవరి పుణ్యమో మీకు తెలుసు.

"ఇది తీసేయనా మేడమ్?" అని అడిగిందట.

"ఏదీ తీయొద్దు. మొదటి తరగతి కాగితాలు గూడా చూపించు. భక్షాల సంగతి దాచొద్దు. ఎట్ల చెడిపోయిందో చెప్తేనే నువ్వు ఎట్ల కొలిచినావో నమ్ముతారు" అందట ఆ మేడమ్. కడపకు పాప పేరు పంపింది.

కడపకు నేనూ పోయాను. బస్సులో క్యారియర్ నా ఒళ్లోనే. పాప ఎక్కేటప్పుడే చేతులు జోడించింది: "అవ్వా, మార్కులేసే పెద్ద డాక్టర్లు లేసి పోయేదాకా మూత తీయొద్దు. వాళ్లకు పెట్టినావంటే మళ్లా మొదటికొస్తాది."

హాల్లో వెనక వరసలో వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా, ఒళ్లో గుడ్డ మూట. అంగడి బామ్మర్దికి అప్పజెప్పి వచ్చాడట. నేను పక్కన కూర్చోగానే మూట ముడి విప్పబోయాడు.

"కొబ్బరి ఉండలవ్వా. మా అమ్మ చేసింది. పాపకు ఇయ్యి, పాపకు ఇయ్యి అని బస్సెక్కేదాకా చెప్పిందే చెప్పింది. ఈ ముందర కూకున్న పెద్దమనుషులకు గూడా తలా ఒకటి..."

"ఏమప్పా, నీకు దండం పెడతా, ముడి విప్పొద్దు!"

ఆయనకు అర్థం కాలేదు, కానీ నా మొహం చూసి ముడి మళ్లీ బిగించాడు. ఇద్దరం ఒళ్లో తినుబండారాలు పెట్టుకుని, వచ్చే పోయేవాళ్లు పలకరిస్తున్నా ఎవరికీ ఏమీ పెట్టకుండా, బొమ్మల్లా కూర్చున్నాం. ఆయన జీవితంలో అంతసేపు అట్లా కూర్చుని ఉండడు. నేనూ అంతే.

పాప స్టేజీ ఎక్కింది. భక్షాల సంగతి వచ్చేసరికి హాలంతా గొల్లుమంది. మార్కులేసే పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

వాళ్ల నాయన నా చేయి పట్టుకుని, "పాపను చూసి నవ్వుతాండారా అవ్వా?" అన్నాడు.

"నన్ను చూసి నవ్వుతాండారు. నువ్వు నిమ్మళంగా కూకో."

పెద్ద డాక్టరు మైకులో ఏదో అడిగాడు. ఇంగ్లీషు, నాకు తెలియలేదు. పాప మాత్రం తడుముకోకుండా, ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది. ఆయన తల ఊపి మరొకటి అడిగాడు, దానికీ చెప్పింది. నా పక్కనున్నాయన రెప్ప వేయలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే తాను కొట్టడం మరిచిపోయి, ఆలస్యంగా ఒక్కడే కొట్టాడు.

బహుమతి వేరే ఊరి పిల్లకు వచ్చింది. అది పాపకు గుర్తు కూడా లేదు. స్టేజీ దిగి తిన్నగా మా వరసకు వచ్చింది.

"ఎట్ల చెప్పినా నాయనా?"

ఆయన మూట అట్లాగే పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నాకేం తెల్సు పాపా. అంత పెద్దాయన అడుగుతాంటే నువ్వు చెప్తాండావు, ఆయన రాసుకుంటాండాడు. అది చూసినా." మళ్లీ తనే, "అంగట్లో అడిగితే నీ చదువును ఏమని చెప్పల్ల?" అన్నాడు.

పాప ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఫోటో తీసింది అప్పుడే, మాతో పాటే మీటింగుకు వచ్చిన పొడుగాటి కుర్రవాడు తీశాడు. తీస్తూనే వాడి కళ్లు క్యారియర్ మీద ఉన్నాయి.

"అవ్వా, పెద్ద డాక్టర్లు కారెక్కినారు. గేటు గూడా దాటినారు. నేను చూసొచ్చినా."

అప్పుడు తీశాను నాన్నా మూత.