రాళ్ల మేష్టారి క్లాసు

పాతికేళ్లు భూగర్భశాస్త్రం చెప్పిన మనిషిని పిల్లలు రాళ్ల మేష్టారనక ఇంకేమంటారు? ఆయనా ఆ పేరుకు మురిసిపోయేవాడే. అలాంటివాడు నిరుడు పాఠాలకు స్వస్తి చెప్పి, అదే యూనివర్సిటీలో డిప్యూటీ రిజిస్ట్రారు కుర్చీ ఎక్కాడు. ఎందుకయ్యా అంటే గొంతు అరిగిపోయిందన్నాడు. గొంతూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఏసీ గదీ, తలుపు దగ్గర అటెండరూ ఆయన్ని ఊరించాయి. తప్పేం లేదు, ఎవరినైనా ఊరిస్తాయి.

నచ్చకపోతే ఏడాదిలోపు పాత ఉద్యోగానికి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆ గడువు దాటితే మాత్రం ఇక ఆఫీసే గతి. ఏడాది నిండవచ్చేసరికి మేష్టారికి తత్వం బోధపడింది. పొద్దస్తమానం సంతకాలే. ఎదురు ప్రశ్న వేసేవాడు లేడు, అందరూ "అలాగే సార్" అనేవాళ్లే.

"ఇంట్లో కూడా నోరు విప్పడం మానేశారు. ఆ రాళ్లే నయం, వాటితోనైనా మాట్లాడేవారు," అని భార్య దెప్పింది.

ఆ మాట చురుక్కుమంది. పిల్లల ముందు నిలబడితే తప్ప తాను బతికున్నట్టు ఉండదని ఆయనకు అప్పుడు తెలిసింది. మర్నాడే పాత డిపార్టుమెంటుకు వెళ్లి హెడ్డుతో సంగతి చెప్పాడు.

హెడ్డు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వెనక్కి రావడమేంటండీ? మీ క్లాసులు జరుగుతూనే ఉన్నాయిగా."

"ఎవరు చెబుతున్నారు?"

"మీరే! టైంటేబుల్లో మీ పేరే ఉంది. దాన్ని ఆమోదించిందీ మీరే."

మేష్టారికి అప్పుడు గుర్తొచ్చింది. గుమస్తా పాత టైంటేబులుకే తేదీ మార్చి పెడితే, చదవకుండా సంతకం గీకి పారేశాడు. ఆ ఆఫీసులో అందరూ చేసే పనే. కానీ మేష్టారు రాని క్లాసులో పిల్లలు ఏడాదిపాటు ఊరుకుంటారా?

"ఈ ఏడు మరీ బాగా చెబుతున్నారని పిల్లలు ఒకటే పొగడ్త," అన్నాడు హెడ్డు. "అన్నట్టు, ఇప్పుడు మీకు క్లాసుంది కదా, ఇక్కడేం చేస్తున్నారు?"

వరండా చివరి గది దాకా వెళ్లకముందే గొంతు వినిపించింది. తనదే. మాట మధ్యలో ఆ దగ్గు, "అర్థమైందా నాయనా" అనే ఆ సాగదీత కూడా తనవే. తలుపు తోశాడు.

ఎవరో ఇటు వీపు పెట్టి, నది మోసుకొచ్చిన ఇసుక పొరపొరగా పేరుకుని రాయిగా మారే తీరును బోర్డు మీద గీస్తున్నాడు. పిల్లలు కన్నార్పకుండా చూస్తున్నారు. తానెన్నడూ ఇంత బాగా చెప్పలేదు. పైప్రాణాలు పైనే పోతున్నా ఆయనకు అసూయ పుట్టింది, ఏడుపొచ్చింది.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. ఆయన దగ్గర పాఠాలు విన్న పిల్లే. "ఆఫీసు నుంచి వచ్చారాండీ? మేష్టారు క్లాసులో ఉన్నారు."

నేనేనమ్మా మేష్టారిని, అనబోయాడు. బోర్డు దగ్గరి మనిషి గీయడం ఆపాడు, కానీ వెనక్కి తిరగలేదు. తిరగకుండా ఉంటే చాలని మేష్టారు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. పిల్లలంతా ఆయన వంక చూస్తూ, ఎప్పుడు వెళ్తాడా అని ఎదురుచూస్తున్నారు.

చివరికి మేష్టారు ఆ అమ్మాయినే అడిగాడు.

"సుద్దముక్కలు సరిపోతున్నాయా?"

"చాలడం లేదండీ."

"పంపిస్తాను," అని, పాఠానికి అడ్డు రాకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.