రాములవారి పల్లకీకి ఏ దేశపు భుజాలు

పైడిరాజు మావయ్య ఎవరిని కలిసినా ముందు మొహం చూడడు, భుజం చూస్తాడు. దాని మీద అరచెయ్యి వేసి, కాస్త నొక్కి, అప్పుడు "బాగున్నావా బావూ" అంటాడు. దగ్గరి పట్నం క్లాంగ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి పెళ్ళికొడుకు భుజం కూడా అలాగే నొక్కి, "ఎత్తు సరిపోద్ది గాని ఎముకలో బలం లేదు" అన్నాడు. పెళ్ళికూతురి వాళ్ళు కంగారు పడ్డారు. ఆయన భార్య నరసమ్మ అత్తయ్య వెళ్ళి "మా ఆయన అన్నది పల్లకీకండీ, సంసారానికి కాదు" అని సర్దిచెప్పి వచ్చింది.

మలేషియాలో, కువాలా సెలంగోర్ దగ్గర మా పామాయిల్ తోటలో రాముల మందిరం ఉంది. నవమి నాడు కల్యాణం అయ్యాక సీతారాములు పల్లకీ ఎక్కి, ఇళ్ళ వరసలన్నీ తిరిగి, అందరి హారతులూ అందుకుని వస్తారు. పల్లకీ చెంగాల్ కర్రది. ఈ దేశపు అడవుల్లో దొరికే ఆ కర్ర ఇనుముతో పోటీ పడుతుంది. ఓడెక్కి వచ్చిన మా తాతలు తోటపని అయ్యాక కూర్చుని దాన్ని చెక్కుకున్నారు. బరువు తగ్గించాలన్న ఆలోచన వాళ్ళకు రాలేదు. అప్పట్లో భుజాలకు కొదవ లేదు. ఎనిమిది మంది మొయ్యాలి, ఎనిమిది మందీ ఒకే ఎత్తుండాలి, తిరిగొచ్చేదాకా నేలకు దించకూడదు. మందిరం గుమ్మానికి ఒక పసుపు గీత ఉంది. ఎవడి భుజం ఆ గీతకు ఆనితే వాడే బోయీ. పైడిరాజు మావయ్య మోకాళ్ళు మొరాయించేదాకా తానే మోశాడు. ఇప్పుడు బోయీల పెద్దగా ఆ గీత దగ్గర నిలబడతాడు.

నిలబడితే ఏం లాభం, కొలవడానికి కుర్రాళ్ళు లేరు. ఉన్న కొద్దిమందిలో సగం సింగపూర్‌లో, సగం క్లాంగ్ ఫ్యాక్టరీల్లో. ఈ ఏడు కమిటీ మీటింగులో చైర్మన్ వెంకటరావుగారు లేచారు. మంచి మనిషి, మందిరానికి కొత్త రేకులు వేయించింది ఆయనే. ఈ దేశంలో అందరిలాగే మాట చివర ఒక "లా" తగిలిస్తారు.

"ఈ ఏడు స్వామిని లారీ మీద ఊరేగిద్దాం లా. పూలు కట్టిస్తాను, లైట్లు పెట్టిస్తాను. ఏటి తక్కువ?"

"లారీ మీద పామాయిలు గెలలు ఎల్తాయి చైర్మన్‌గారూ. స్వామి ఎల్లడు" అన్నాడు మావయ్య.

"అయితే నవమికి ఎనిమిది మందిని సూపించు పైడిరాజన్నా. సూపించలేపోతే లారీయే."

ఆ రోజు మావయ్య అన్నం ముట్టలేదు. అత్తయ్య కంచం మీద గిన్నె బోర్లించి పక్కన పెట్టింది.

వాళ్ళమ్మాయి భారతిది సైబర్‌జయలో ఉద్యోగం. దేశాల లెక్కలు పోల్చి చూసే పని. ఆ వారం ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. మావయ్య వెనక నిలబడి ముందు అలవాటుగా కూతురి భుజం నొక్కాడు, తర్వాత తెర చూశాడు.

"ఇదేటి గుంటా, ఇన్ని గీతలు?"

"ఆరు దేశాలు నాయినా. మన మలేషియా, ఇండోనేషియా, వియత్నాం, బంగ్లాదేశ్, నేపాల్, ఇండియా. ఒక్కో ఆడమనిషికి ఎంతమంది పిల్లలో సూపిస్తాది. సోమవారం ఆఫీసులో సెప్పాల, డిస్టర్బ్ సెయ్యకు లా."

గీతలన్నీ ఎడమ పక్క ఎత్తుగా మొదలై కుడి పక్కకు దిగిపోయాయి.

"అన్నీ ఒకే పక్కకి ఒరిగినాయేటి? పల్లకీ ఇలాగ ఒరిగితే సీతమ్మోరు జారిపోతాది."

"అదే సంగతి. యాభై ఏళ్ళ కిందట అన్ని సోట్లా ఇంటికి అయిదారుగురు. ఇప్పుడు ఇద్దరు. మన కాడ ఇద్దరు కూడా లేరు. సదువొచ్చి నాలుగు డబ్బులొస్తే ఏ దేశమైనా ఇంతే నాయినా."

"అంటే అన్ని సోట్లా భుజాలు తగ్గిపోయినాయి."

"భుజాలని కాదు... సరి, భుజాలే అనుకో" అని భారతి ఇంకో బొమ్మ తెరిచింది. "ఇది ఆదాయం. కింద గీతలో ఉన్నోళ్ళు పై గీతలో ఉన్న దేశానికి పని కోసం ఎల్తారు. నేపాలోళ్ళు, బంగ్లాదేశోళ్ళు మన కాడికి. మనోళ్ళు సింగపూరుకి."

"సింగపూరోళ్ళు?"

"ఆస్ట్రేలియాకనుకుంటాను."

"మరి ఆళ్ళ ఊర్లో పల్లకీ ఎవుడు మోస్తాడు?"

వంటింట్లోంచి అత్తయ్య కేక వేసింది. "దాన్ని పని సేసుకోనీ! దాని మేనేజరు పల్లకీ గురించి అడగడు!"

కానీ మావయ్యకు కావలసింది దొరికింది. మర్నాడు మోటార్ సైకిలెక్కి ఫ్యాక్టరీ పనివాళ్ళ హాస్టల్‌కు వెళ్ళాడు. గీతల ప్రకారం ఆలోచించి వెళ్ళాడు. నేపాల్ అంటే కొండలు, కొండలవాళ్ళు బరువులు మోస్తారు. బంగ్లాదేశ్‌లో ఇంటికి అయిదారుగురు (అది యాభై ఏళ్ళ కిందటి లెక్కన్నది మరిచాడు), కనుక ఒకణ్ణి పట్టుకుంటే తమ్ముళ్ళందరూ వస్తారు.

నేపాల్ నుంచి వచ్చిన తిలక్ మైదానంవాడని తేలింది. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసేవాడట, పనిలో సైకిల్ కంటే బరువైనది ఎత్తలేదట. బంగ్లాదేశ్ నిఖిల్‌ను "తమ్ముళ్ళని కూడా తీసుకురా" అని మలయ్ భాషలో అడిగితే, తల్లికి తానొక్కడే కొడుకునని చెప్పాడు. ఇది విని భారతి పొట్ట పట్టుకుని నవ్వింది.

"నాయినా, అది సగటు లా! సగటు భుజం ఎవుడికీ ఉండదు. గీతని కాదు, మనిషిని అడగాల."

మావయ్య ఆ మాట పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. ఈసారి దేశం అడగలేదు. టీ తాగించి, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి, దేవుడి పని ఉంది వస్తారా అన్నాడు. తిలక్, అతని స్నేహితులు ముగ్గురు, నిఖిల్, అతని గదిలో ఉండే ఇంకొకడు ఒప్పుకున్నారు. మా తోట నుంచి గోపాలసామి, సెల్లప్పన్ కలిశారు. ఎనిమిది! హాస్టల్ చూసుకునే మలయ్ ఆయన, ఎవరూ అడక్కుండానే నవమి నాటికి ఆరుగురి షిఫ్టులూ మార్చి పెట్టాడు. పక్క ఇంటి ఇండోనేషియా అతను వచ్చి, "నేను మొయ్యకూడదు పాచీక్, మా మతం వేరు. కానీ దారంతా ఊడ్చి పెడతాను" అన్నాడు. పాచీక్ అంటే ఇక్కడ బాబాయి లెక్క. ఇలాంటి మాట విన్నప్పుడు స్వామి ముందుగానే దారిలో నడిచి వెళ్ళినట్టు ఉంటుంది నాకు.

సాధన మొదలైంది. స్వామి బదులు మావయ్యే పల్లకీలో కూర్చున్నాడు, చేతిలో తాళం కర్రతో. నేపాల్ వాళ్ళలో ఇద్దరు గీతకు కాస్త తక్కువ. అత్తయ్య పాత తువ్వాళ్ళు మడిచి కుట్టి వాళ్ళ భుజాలకు మెత్తలు చేసింది. అయినా మొదటి మలుపులో పల్లకీ అచ్చం భారతి గీతల్లాగే ఒరిగింది. మావయ్య జారి గడ్డిలో పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండి, "పల్లకీ దించినారేటి? దించలేదు కదా? బాగుంది, బాగుంది!" అన్నాడు. వాళ్ళకు తెలుగు రాదు, ఆయన నవ్వు చూసి నవ్వారు.

నవమి దగ్గరపడ్డాక ఒక సాయంత్రం తిలక్ వచ్చి గుమ్మంలో తటపటాయించాడు. కంపెనీ సెలవిచ్చింది, ఇంటికి టికెట్ వచ్చింది, కానీ విమానం నవమికి ముందే. "మార్చుకుంటాను పాచీక్. మీ దేవుడి పని అయ్యాకే వెళ్తాను."

"ఇంటికాడ పండగేమైనా ఉందా?"

"మా ఊళ్ళో చైత్రంలోనే దేవి జాతర. మేం మోసేవాళ్ళం. ఇప్పుడు కుర్రాళ్ళందరూ ఇక్కడో, ఖతార్‌లోనో. పోయిన ఏడు అమ్మవారిని ట్రాక్టర్ మీద తిప్పారని మా అమ్మ చెప్పింది."

"ట్రాక్టరా!" మావయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. తన ఇంటి పరువు పోయినట్టు అటూ ఇటూ నడిచాడు. కాసేపటికి ఆగి, తిలక్ భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి నొక్కలేదు. "ఎల్లు నాయినా. మీ అమ్మోరి భుజం నేను తీసుకోకూడదు" అన్నాడు తెలుగులో. తర్వాత అదే మలయ్‌లో చెప్పాడు. అత్తయ్య లోపలికి వెళ్ళి, దేవి కోసమని పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఇచ్చింది.

నవమి వచ్చింది. కల్యాణం చూడముచ్చటగా జరిగింది. బయట వెంకటరావుగారి లారీ పూలతో మెరిసిపోతోంది. బోయీలు ఏడుగురే. మావయ్య గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన్ని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు.

వెంకటరావుగారు పట్టు చొక్కాతో వచ్చి జాలిగా అన్నారు. "ఏడుగురుతో అవదు లా పైడిరాజన్నా. నువ్వు సెయ్యాల్సింది సేసినావు. స్వామి కోప్పడడు." చెబుతూ అలసటగా గుమ్మానికి ఒరిగారు.

"ఓలమ్మా! అటు సూడండి!" అని నరసమ్మ అత్తయ్య అరిచింది.

పసుపు గీత చైర్మన్‌గారి భుజానికి సరిగ్గా అంటుకుని ఉంది.

"నేనా?" అన్నారు వెంకటరావుగారు. "నాకు బీపీ ఉంది!"

"మావోడికీ ఉంది. మోస్తన్నాడు" అని గోపాలసామిని చూపించింది అత్తయ్య.

"సిల్కు సొక్కా!"

"మెత్త ఏస్తాను, సొక్కాకేటీ కాదు."

ఆడవాళ్ళందరూ గోవింద కొట్టారు. గోవింద కొట్టాక కాదనే ధైర్యం మా వాళ్ళలో ఎవరికీ లేదు. చైర్మన్‌గారు చెప్పులు విడిచారు.

పల్లకీ లేచింది. దారి అద్దంలా ఊడ్చి ఉంది. మావయ్య ముందు నడుస్తూ తాళం చెబుతుంటే నేపాలు, బంగ్లాదేశు, మలేషియా ఒక్క గొంతుతో "ఓహోం" అన్నాయి. ఆ గొంతుల్లో ఒకటి మాత్రం "అమ్మో" అంది. వెనక లారీ ఖాళీగా వస్తోంది. ఎక్కడికి పోవాలో తెలియక డ్రైవర్ మాటిమాటికీ అడుగుతుంటే, "నడవలేని ముసలమ్మల్ని ఎక్కించుకో!" అని పల్లకీ కిందనుంచి కేక వేశారు వెంకటరావుగారు. ఇండోనేషియా ఇంటి ముందు పల్లకీ ఆగింది. దించకూడదు, చేతులు ఖాళీ లేవు. ఆ ఇంటాయన ఎర్రటి సర్బత్ గ్లాసులు పట్టుకొచ్చి ఒక్కొక్కరి నోటికీ అందించాడు. చైర్మన్‌గారికి రెండోసారి కూడా.

పల్లకీ నేలకు తగలకుండా మందిరానికి చేరింది. భోజనాల దగ్గర వెంకటరావుగారు భుజానికి నూనె రాయించుకుంటూ మావయ్య పక్కన కూర్చున్నారు.

"పైడిరాజన్నా, వచ్చే ఏడు నన్ను ముందు కొమ్ముకి పెట్టు. వెనకుంటే నిఖిల్ మెడ తప్ప ఏటీ కనపడలేదు."

మావయ్య పులిహోర ముద్ద నములుతూ బాగా ఆలోచించాడు.

"ముందు కొమ్ము సీనియర్లకి చైర్మన్‌గారూ. మీరు కొత్త కదా, సూద్దాం లా."