ఇరవై అడుగులు పరుగు, ఇరవై అడుగులు నడక

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. ఇరవై రెండేళ్ళకే నీకు చిన్నప్పుడేంట్రా అంటుంది. అయినా అలాగే మొదలుపెడతాను. ఎందుకంటే నేను చెప్పబోయే రోజున నాకు పన్నెండేళ్ళు. ఆ తర్వాత నోరు విప్పవలసిన చోట విప్పకపోవడానికి నాకున్న ఒకే ఒక్క సాకు ఆ వయసే.

అప్పుడు మేం కెనడాలోని కాల్గరీలో ఉండేవాళ్ళం. మన స్టూడెంట్స్ రావడం ఒక్కసారిగా పెరిగిన ఏడాదులవి. మా వీధిలో ప్రతి తెలుగు ఇంటి బేస్‌మెంట్‌లోనూ ఇద్దరో ముగ్గురో అద్దెకుండేవాళ్ళు. పైన ఉండేవాళ్ళు అద్దె తీసుకుంటూనే, వీళ్ళ వల్ల మన పరువు పోతోందని వారాంతాల్లో బిర్యానీ తింటూ మాట్లాడుకునేవాళ్ళు. మా బేస్‌మెంట్‌లో నల్గొండ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. కాలేజీలో డిప్లొమా చేస్తూ, ఒక కోల్డ్ స్టోరేజ్ గోడౌన్‌లో పార్ట్-టైమ్ పనిచేసేది. మైనస్ ఇరవై ఐదు డిగ్రీల గదిలో ఐస్‌క్రీమ్ పెట్టెలూ మాంసం పెట్టెలూ సర్దే పని. పెద్దవాళ్ళు ఆమెకు 'ఫ్రీజర్ పిల్ల' అని పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టింది మా వీధి చివరింటి అంకుల్. అమెరికాలో పదేళ్ళు చేసి వచ్చిన మనిషి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. మా నాన్నకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. శనివారాలు పరిగెత్తడానికి తెలుగువాళ్ళు పెట్టుకున్న గ్రూపుకి పెద్ద కూడా ఆయనే. మా నాన్న ఇప్పటికీ ఆయన పేరు పక్కన 'గారు' చేరుస్తాడు. నేను చేర్చను. అక్క డిప్లొమా అయిపోవస్తోందని తెలిసి, ఆమె రెజ్యూమె తన ఆఫీసులో ఇస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ ఉద్యోగం వస్తే అక్కకి పీఆర్, అంటే కెనడాలో శాశ్వతంగా ఉండే అనుమతి, దొరికే దారి తెరుచుకుంటుంది. రాకపోతే పర్మిట్ ఉన్నన్నాళ్ళూ గోడౌనే. అందుకని గ్రూపు ఎక్కడికి వెళ్ళినా నీళ్ళ సీసాలు మోయడానికీ, పిల్లల్ని చూసుకోవడానికీ అక్కని పిలిచేవాళ్ళు. ఆమె వచ్చేది.

సెప్టెంబర్ మధ్యలో ఒక శనివారం, గంటన్నర దూరంలో ఉన్న కొండల్లోకి వెళ్ళాం. అంకుల్, తొమ్మిదేళ్ళ ఆయన కూతురు, మా నాన్న, నేను, అక్క. ఐదుగురం, రెండు కార్లు. కొండ మీదికి ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, పైన గ్రూపు బ్యానర్ పట్టుకుని ఫోటో దిగి, తిరిగి రావాలి. తొమ్మిదికి ముందే చేరుకున్నాం. మధ్యాహ్నం నుంచి మంచు అని ఫోన్‌లో కనిపిస్తోంది. ఇప్పుడే పోయి జల్దీ దిగొద్దాం అంకుల్, అంది అక్క.

"సెప్టెంబర్‌లో స్నో ఏంటమ్మా! నువ్వొచ్చి నిండా రెండేళ్ళు కాలేదు," అన్నాడాయన. పైగా తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం, అందులో అడుగు బయట పెట్టనన్నాడు. గంటన్నర సేపు కార్లలో కూర్చుని పులిహోర తిన్నాం.

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టేది. తొమ్మిది నుంచి పదిన్నర అన్నది ఆరింటికి తెల్లవారే ఊళ్ళ లెక్క. అక్కడ ఆ రోజు ఏడు దాటాక తెల్లవారింది. తర్వాతెప్పుడో నేను కూర్చుని లెక్క చేశాను. ఆ కొండల్లో ఆ శనివారం అసలు రాహుకాలం పదీ పావు దాటాక మొదలైంది. అంటే గంటన్నర ఆగి, మంచి వాతావరణమంతా పోగొట్టుకుని, ఆయన నమ్మకం ప్రకారమే సరిగ్గా రాహుకాలంలో బయలుదేరాం. నమ్మితే నమ్మావు, లెక్కైనా సరిగ్గా చేసుకోవద్దా?

రెండో తప్పు జాకెట్లు. అందరికీ పచ్చరంగు కాటన్ టీ-షర్టులు కుట్టించారు, ముందు గ్రూపు పేరుతో. ఫోటోలో ఆ పేరు కనిపించాలి కాబట్టి జాకెట్లు కార్లోనే వదిలేయమన్నాడు అంకుల్. పైకెక్కితే ఎలాగూ చెమటలు పడతాయన్నాడు. అందరం వదిలేశాం. అక్క మాత్రం తన గోడౌన్ జాకెట్ నడుముకి కట్టుకుంది.

"ఏం ఫ్రీజర్ పిల్లా, ఇక్కడ కూడా డ్యూటీయేనా?" అన్నాడు అంకుల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పదకొండూ ఇరవైకి మంచు మొదలైంది. ముందు బియ్యపు నూకల్లా పొడిగా రాలింది. పది నిమిషాల్లో గాలి తోడై, బాటలోని రాళ్ళు కనబడకుండా పోయాయి. కాటన్ టీ-షర్టు తడిసి వీపుకి అంటుకుంది. పరిగెడుతుంటే బూట్లు జారుతున్నాయి, ఆగితే చలి ఎముకల్లోకి దిగుతోంది. అప్పటికి మూడు కిలోమీటర్లు వచ్చాం.

అక్క అందరినీ ఆపింది. కుడి చెయ్యి పైకెత్తి బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి చూపించింది. గోడౌన్‌లో గంటకోసారి వాళ్ళ సూపర్‌వైజర్ చేయించే పనట అది. వేళ్ళు ఆనకపోతే ఎంత సరుకు మిగిలినా సరే, ఆ మనిషి బయటికి వెళ్ళిపోవాల్సిందే. ఎవరూ వాదించరు, ఎవరూ వెక్కిరించరు. నా వేళ్ళు కష్టం మీద ఆనాయి. మా నాన్నవి ఆనాయి. అంకుల్ కూతురు నవ్వుతూ ప్రయత్నించింది. రెండు వేళ్ళ మధ్య అంగుళం ఖాళీ మిగిలింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి నవ్వలేదు.

మీరు కూడా ఒకసారి చూడండంకుల్ అంది అక్క. ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు తొడ పక్కన రహస్యంగా ప్రయత్నించాడు. ఆనలేదు. నేను చూశాను.

"ఇంకో అరగంట! పైన ఒక్క ఫోటో, అంతే. ఇంత దూరం వచ్చి బ్యానర్ విప్పకుండా పోతామా?"

"పాపకి వేళ్ళు ఆన్తలేవంకుల్. నేను పిల్లల్ని తీస్కొని దిగుత."

ఆయన నవ్వాడు. కోపంగా అరిచి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. నవ్వుతూ అన్నాడు. "సోమవారం నీ రెజ్యూమె ఇద్దామనుకుంటున్నా. గుర్తుందిగా?"

"గుర్తుందంకుల్," అంది అక్క. నడుముకున్న జాకెట్ విప్పి ఆ పాపకి తొడిగి, మెడ దాకా జిప్పు లాగింది. తర్వాత మా నాన్న వైపు తిరిగి చెయ్యి చాపింది. "అంకుల్, మీ కార్ కీ ఇయ్యండి."

మా నాన్న ఆమెను చూశాడు, ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. కీ తీసి ఇచ్చాడు. కీ ఇచ్చాడంటే ఆమె చెప్పింది నిజమని నాన్నకు తెలుసన్నమాట. జాగ్రత్తమ్మా అని, వెనక్కి తిరిగి, ఉద్యోగం ఇప్పించిన మనిషి వెనకాల కొండెక్కాడు. తెలియక చేసిన తప్పుని నేను క్షమించగలను. తెలిసి చేసినదాన్ని ఏం చేయాలో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

అప్పుడు మాత్రం నా కోపమంతా అక్క మీదే. పై దాకా వెళ్ళే అవకాశం నీ వల్లే పోయిందని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు ఆట మొదలంది. ఇరవై అడుగులు పరుగు, ఇరవై అడుగులు నడక. గట్టిగా, ఒకరి తర్వాత ఒకరు, తెలుగులోనే లెక్కపెట్టాలి. తప్పినవాళ్ళు ఔట్.

"నాట్ ఫెయిర్! నాకు టెన్ వరకే వచ్చు," అంది పాప.

"పదకొండు నుంచి నేన్ నేర్పిస్త. పా."

అలా ఆ పాప తెలుగులో పదకొండు నుంచి ఇరవై దాకా అంకెలు ఆ మంచులో, ఆ దిగుడు బాట మీద నేర్చుకుంది. పద్నాలుగు దగ్గర ప్రతిసారీ తడబడేది. నేను గెలవాలన్న పట్టుదలతో గొంతు చించుకున్నాను. ఒక చోట పాప "పదిహేడు, పదిహేడు" అని, నాలుక మందంగా తిప్పి, అక్కడే ఆగిపోయింది. ఔట్, ఔట్ అని నేను గంతులేశాను. అక్క ఆ పాపని వీపు మీదికి ఎక్కించుకుని, మిగతా కొండంతా తనే లెక్కపెడుతూ, పాపతో పలికిస్తూ దిగింది.

ఏళ్ళ తర్వాత ఇంజినీరింగ్‌లో సైట్ సేఫ్టీ క్లాసులో కూర్చున్నప్పుడు ఆ ఆట నాకు తెలిసొచ్చింది. ఒళ్ళు చల్లబడిపోతున్న మనిషికి మాట ముద్దగా వస్తుందనీ, చిన్న లెక్క కూడా తప్పుతుందనీ చెప్పారు. అక్క మాతో ఆడలేదు. ప్రతి ఇరవై అడుగులకూ మా నాలుకల్ని పరీక్షిస్తూ వచ్చింది. పరుగు వేడి పుట్టడానికి. నడక, జారిపడకుండా, చెమట పట్టకుండా. రాని అంకెలు, బుర్ర నిద్రపోకుండా. మేం మాత్రం ఆట అనుకున్నాం, కాబట్టి భయపడలేదు. క్లాసులో అందరూ నోట్స్ రాసుకుంటుంటే నేను బయటికెళ్ళి కారిడార్‌లో నిలబడ్డాను.

పన్నెండున్నరకి కారు చేరాం. అక్కకి డ్రైవింగ్ రాదు. ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టడం మాత్రం తెలుసు. నా జాకెట్ నాకు తొడిగి, మా నాన్నది పాపకి కప్పి, పాప చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి పాప వేళ్ళు ఆనాయి. నావి ముందే ఆనాయి. అప్పుడు అక్క చేతుల వైపు చూశాను. ఒడిలో పెట్టుకుని మెల్లగా ప్రయత్నిస్తోంది. ఆనడం లేదు.

"అక్కా, నీవి?"

"నావి పొడుగు వేళ్ళురా. టైమ్ పడ్తది."

పెద్దవాళ్ళిద్దరూ ఒంటిగంటన్నరకి వచ్చారు. పై దాకా పోలేకపోయారు, బ్యానర్ గాలికి కొట్టుకుపోయిందట. అంకుల్ కారు తలుపు పిడి పట్టుకుని లాగలేకపోయాడు. అక్క దిగి తీసింది. ఫ్లాస్క్ మూతలో టీ పోసిస్తే ఆయన వేళ్ళకి మూత నిలవలేదు. ఆమే పట్టుకుని తాగించింది. ఆయన గుటక గుటకగా తాగాడు. కళ్ళు పైకెత్తలేదు.

వారం తర్వాత వాళ్ళింట్లో భోజనాలు. పాతిక మంది ముందు అంకుల్ ఆ కథ చెప్పాడు. మంచు మొదలవగానే సేఫ్టీ ఫస్ట్ అనుకున్నానన్నాడు, పిల్లల్ని వెంటనే కిందికి పంపించేశానన్నాడు. "ఈ అమ్మాయి పాపం కంగారుపడిపోయిందనుకో. నేను ధైర్యం చెప్పి పంపించా!" అక్క అక్కడే ప్లేట్లు అందిస్తోంది. ఆమె రెజ్యూమె ఇంకా ఆయన దగ్గరే ఉంది. తల వంచుకుని ప్లేట్లు అందించింది.

నిజం చెప్పాలని నోరు తెరిచాను. మా నాన్న చెయ్యి నా భుజం మీద పడింది, బరువుగా. నేను నోరు మూసుకున్నాను.

"నో డాడీ," అంది పాప, గది మధ్యలో నిలబడి. "యూ వర్ నాట్ దేర్. అక్క క్యారీడ్ మీ." అందరూ ముద్దుగా నవ్వారు. ఎవరో దాని బుగ్గ గిల్లారు. అంకుల్ కూడా నవ్వాడు.

తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పగలిగింది. కాబట్టి మొదట్లో నేను చెప్పిన నా వయసు సాకు చెల్లదు.

రెజ్యూమె అంకుల్ ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఒత్తిడికి తట్టుకోలేదని మా నాన్నతో అన్నాడట. జనవరిలో అక్క పక్క ప్రావిన్సులోని రెజైనాలో వేరే గోడౌన్‌లో పని చూసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో ఆగి నా చెయ్యి పట్టుకుని, ఆనించు అంది. ఆనించాను. ఇగ ఫర్వాలేదు అని నవ్వి వెళ్ళింది. నేను కొండ మీద అన్న మాటలకు ఆమెకు సారీ చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఫోన్ నంబరు మారింది.

ఇప్పుడు ఒటావా పక్కనున్న కనాటాలో ఉద్యోగం చేస్తున్నాను. మీటింగుల్లో ఎవరైనా పెద్ద హోదా మనిషి, ఇంకొంచెమే, అయిపోవచ్చింది, ఆగొద్దు అని నవ్వుతూ అన్నప్పుడు బల్ల కింద నా బొటనవేలు దానంతటదే చిటికెనవేలిని వెతుక్కుంటుంది. ఆనుతుంది. ఒంట్లో శక్తి ఉందన్నమాట. ఇక నోరు తెరవకపోవడానికి కారణం ఏమీ లేదు. తెరుస్తాను. కొందరికి నచ్చదు.

అయినా ఆ భోజనాల గదిలో చెప్పాల్సిన ఏడు మాటలు నా దగ్గరే మిగిలిపోయాయి. పదేళ్ళుగా మోస్తున్నాను. అంకుల్, మమ్మల్ని కిందికి తెచ్చింది మీరు కాదు, అక్క.