మనోడి మాట

రియాద్ శివారు సులైలో ఒక పండ్ల కోల్డ్ స్టోరేజీ ఉంది. దస్తగిరి అందులో హమాలీగా చేరాడు. పులివెందుల దగ్గరి పల్లెలో అరటి పెంచిన దూదేకుల రైతు అతను. ఒక్క గాలివానకు తోటంతా నేలకు ఒరిగిపోతే కౌలు పొలం వదులుకొని వచ్చాడు. బయట కుంపటిలాంటి ఎండ, లోపల ఎముకలు కొరికే చలి. ఆ రెంటి మధ్యా పెట్టెలు మోయడం పని.

వచ్చిన కొత్తల్లోనే ఒక కంటెయినర్ తలుపు తీస్తే పెట్టెల మీద వాళ్ల జిల్లా పేరు కనిపించింది. లోపలంతా పచ్చి అరటికాయే. దస్తగిరి చేతి తొడుగు తీసేసి ఒక కాయను పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. పక్కన మోస్తున్న నిజామాబాద్ భోజన్న నవ్వాడు.

"ఏందన్నా, సుట్టాలొచ్చిన్రా?"

"మా బావ తోటలోవి గూడా ఉంటాయేమోలే ఈట్లో."

ఉండే ఉంటాయి. అతని అక్క జైతూన్ బీ మొగుడు మస్తాన్ వలీ ఈ కంపెనీకే కాయ వేసేవాడు. ఒకప్పుడు ఆ ఊళ్లో వేరుశనగ, సజ్జ పండేవి. గల్ఫ్ వాళ్లు కొంటారని ఏజెంటు ఓబులేసు వచ్చి చెప్పాక ఊరు ఊరంతా అరటికి మారింది. మొక్కలు, ఎరువు, గెలకు తొడిగే సంచులు, అన్నీ ఓబులేసు దగ్గరే అప్పు. మచ్చ లేకుండా, ఒకే పొడవుతో కాయను తేవడం జనం నేర్చుకున్నారు. అలా తెచ్చిన కాయకు చుట్టుపక్కల సంతల్లో పెట్టుబడి కూడా రాదు. కొంటే అరబ్బు దేశమే కొనాలి.

దస్తగిరిది అరటి పండే ఊరని కొనుగోళ్లు చూసే ముదీర్‌కు తెలిసింది. ముదీర్ అంటే మేనేజరే. ఆయనా ఎక్కడినుంచో బతకడానికి వచ్చినవాడే. అసలు యజమానిని హమాలీలెవరూ చూసి ఎరగరు. ముదీర్ దస్తగిరిని అద్దాల గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇక పెట్టెలు మోయనక్కర్లేదు. సరుకు దిగినప్పుడు చూసి, ఊరి ఏజెంటుతో వాళ్ల భాషలో మాట్లాడితే చాలు. ఆ కబురు విని జైతూన్ బీ సంతోషంతో ఫోన్లోనే ఏడ్చేసింది.

కొన్నాళ్లు సవ్యంగానే సాగింది. రంజాన్ వెళ్లాక గిరాకీ పడిపోయింది. ఒకరోజు ముదీర్ అతణ్ని వెనక గదికి తీసుకెళ్లాడు. మూలన మాగి నల్లబడ్డ అరటిపెట్టెలు ఉన్నాయి. అవి ఇంకో దేశం సరుకు. దస్తగిరి వాళ్ల కాయ అవతలి గదిలో గట్టిగా, పచ్చగా ఉంది.

"వీడియో తియ్," అన్నాడు ముదీర్ విరిగిన ఉర్దూలో. "మీ సరుకు దారిలోనే మాగిపోయిందని చెప్పు. సగం రేటుకైతే ఉంచుకుంటాం, లేకపోతే పారేస్తాం."

"ఇవి మావి కావు సార్."

"నాకు తెలీదా?" ముదీర్‌కు కోపం కూడా రాలేదు. "నాకు ఫిలిప్పీన్స్ ఉంది, ఈక్వెడార్ ఉంది. మీవాళ్లకు నేను తప్ప ఎవరున్నారు? నువ్వు ఈ దేశంలో ఉండాలంటే నీ ఇఖామా కూడా ఈ నెలలోనే రెన్యువల్ కావాలి కదా."

దస్తగిరి ఫోన్ తీశాడు. మొదటిసారి తీసింది చెరిపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"ఓబులేసన్నా, చూడు. సరుకంతా మాగిపోయి వచ్చినాది. సగం రేటుకైతేనే ఉంచుకుంటారంట. ఇంగ ఏం జేసేది చెప్పు."

ఓబులేసు ఆ వీడియోను రైతులందరికీ పంపాడు. ఇంకెవరైనా చెప్పి ఉంటే జనం గొడవకు దిగేవాళ్లు. మనోడే చెప్తాండాడు కదా అని ఊరుకున్నారు. ఆ సగం ధరే తర్వాతి కోతకు కూడా ధరగా నిలబడిపోయింది.

మస్తాన్ వలీ ఫోన్ చేశాడు.

"కోత కూలి గూడా రాదురా దస్తగిరీ. గెలలు చెట్లకే వదిలేసినా. గొర్రెలోళ్లను తోలుకోమని చెప్పినా."

"ఇంకో కంపెనీకి ఇయ్యరాదా బావా?"

"యా కంపెనీ ఉండాదిరా? ఓబులేసు కాదంటే లారీనే రాదు. నువ్వు మాత్రం ఏం జేస్తావులే, చూసింది చెప్పినావు." చివరికి అడిగాడు. "నాకూ ఆడనే ఏదన్నా పని చూడరా."

దస్తగిరి అడగ్గానే ముదీర్ ఒప్పుకున్నాడు. అరటి తెలిసినవాడైతే పెట్టె జాగ్రత్తగా మోస్తాడన్నాడు.

మస్తాన్ వలీ పనిలో చేరిన వారంలోనే ఊరి కంటెయినర్ వచ్చింది. అతను ఒక పెట్టె మూత ఎత్తి కాయను నొక్కి చూశాడు.

"పచ్చిగానే ఉండాయే!"

"మీ దిక్కు కాయ ఎప్పుడు గిట్లనే మంచిగొస్తదన్నా," అన్నాడు భోజన్న, ఏమీ తెలియక. "నేనొచ్చిన కాంచి ఒక్క పెట్టె సుత ఖరాబైంది సూడలే."

మస్తాన్ వలీ అద్దాల గది వైపు చూశాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర దస్తగిరికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఆ పొద్దు వీడియోలో చూపించినావే, అవి యాడివి?"

దస్తగిరి కలిపిన ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది.

"మనవి కావు బావా. చెప్పకుంటే ఇంటికి పంపిస్తారని..."

బావ కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేదనుకున్నాడు. మస్తాన్ వలీ తల వంచుకొని అన్నం మొత్తం తిన్నాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"మీ యక్కకు చెప్పొద్దు," అన్నాడు. "తెలిస్తే జన్మలో నీతో మాట్లాడదు. నువ్వీడ బాగుంటేనే నా పని నిలబడేది. వీసాకు తెచ్చిన బాకీ తీరాల గదా."

ఆ సాయంత్రమే ముదీర్ మళ్లీ పిలిచాడు. దస్తగిరి ఫోన్ పట్టుకొని వెనక గదికి నడుస్తూ బావ కోసం చూశాడు. మస్తాన్ వలీ ఖాళీ అయిన కంటెయినర్లోకి వెళ్లి, మాట వినబడనంత లోపల, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇద్దరూ ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. మస్తాన్ వలీ అందరి ముందూ అతణ్ని 'సార్' అంటాడు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడూ అలాగే పిలుస్తాడు. ఊళ్లో మస్తాన్ వలీ వదిలేసిన పొలాన్ని ఇంకొకరు కౌలుకు తీసుకొని అరటే పెట్టారు. మొక్కలు ఓబులేసు అప్పుగా ఇచ్చాడు.