వేరుశనగ నూనె తాగిన అంబాసిడర్

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక హత్య గురించి. చచ్చింది మా మామగారి అంబాసిడర్ కారు. చంపింది నేను. సాక్షులు ముగ్గురు: పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురు, ఆమె అక్క అయిన నా భార్య, ఒక లారీ డ్రైవరు. ఏళ్లు గడిచినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆనాటి నేను ఇప్పుడు ఎదురైతే రెండు చెంపలూ వాయించిగాని వదలను.

మా మామగారిది రైల్వే కోడూరు. ఆ కారు నాకంటే వయసులో పెద్దది. ఆయన దాన్ని రోజూ తుడిచేవాడు, వారానికోసారి నడిపేవాడు, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి చిన్న కూతురు లత పెళ్లికి పదిహేను రోజుల ముందు తాళంచెవులు నా చేతిలో పెట్టాడు.

"అల్లుడా, కడపకు తీస్కపోయి మస్తాన్‌కు చూపించు. లత దీంట్లోనే రాజంపేటకు పెండ్లికి పోవల్ల. నువ్వే నడపల్ల."

రాజంపేట మగపెళ్లివారి ఊరు. పెళ్లి అక్కడే.

మస్తాన్ భాయ్ కడపలో పాత కార్లకు పెద్ద డాక్టరు. బానెట్ ఎత్తి, ఇంజను మీద ఉన్న నల్లటి రేకు డబ్బా విప్పాడు. అడుగున పిడికెడు బురద, దానిమీద నల్లటి నూనె.

"ఇదేం అసహ్యం భాయ్?" అన్నాను.

"ఎయిర్ ఫిల్టర్ సార్. లోపలికి పొయ్యే గాలి ఈ నూనెను తాకి పోతాది. దుమ్మంతా ఈడనే దిగిపోతాది. బురద తీసేసి, జాలీని కిరసనాయిలుతో కడిగి, ఈ గీత దాకా కొత్త ఇంజనాయిల్ పోస్తే సాలు."

ఇక్కడ ఆగి ఉంటే కథే లేదు. కానీ వారం రోజులుగా ఫోన్లో వీడియోలు చూసి నేను బాగా పండిపోయి ఉన్నాను. గరాటు ఆకారంలో ఉండే ఎర్రటి రేసుకార్ల ఫిల్టరు ఒకటి తెప్పించుకున్నాను కూడా. సంచిలోంచి తీసి, కొత్తగా పుట్టిన బిడ్డను చూపించినట్టు చూపించాను.

మస్తాన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "బాగుండాది సార్. కానీ మీరు పొయ్యేది మంగంపేట గనుల మీద. ముగ్గురాయి లారీల దుమ్ము శానా ఉంటాది. పాతదే ఉండనీండి."

"నాకు చెప్తాండావా? ఇది రేసుల్లో వాడేది! పాత డబ్బాలు తప్ప నీకేం తెలుసు?"

మస్తాన్ ముఖం ఆ ఫిల్టరుకంటే ఎర్రబడింది. "అయితే మీరే బిగించుకోండి సార్," అంటూ స్పానరు నా చేతిలో పెట్టి చాయ్‌కి వెళ్లిపోయాడు.

బిగించాను. కారు గర్జించింది. ఆ శబ్దానికి వీధిలో కుక్కలు లేచి పారిపోయాయి. అది గౌరవమనుకున్నాను.

పెళ్లి ముందురోజు కోడూరులో చూస్తే ఎర్ర ఫిల్టరు కాస్తా బూడిదరంగుకు తిరిగింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, దానికోసమే అమ్మే నూనెను పలుచగా పట్టించాలని దానితోపాటు వచ్చిన కాగితంలో రాసి ఉంది. ఆ నూనె నేను కొనలేదు. ఏదైనా నూనె నూనే కదా! అత్తగారి వంటింట్లోంచి వేరుశనగ నూనె తెచ్చి, పలుచగా ఎందుకని ఫిల్టరును నిలువునా ముంచి తీశాను. చదువరీ, తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టండి, ముందు ముందు ఊపిరి చాలదు.

మర్నాడు పొద్దున అందరూ బస్సులో ముందు వెళ్లిపోయారు. వెనకాల కారులో లత, నా భార్య సరళ, నేను. మంగంపేట దగ్గర ముగ్గురాయి లారీ ఒకటి మా ముందు పడింది. రోడ్డంతా తెల్లటి దుమ్ము.

"బావా, బజ్జీల వాసన వస్తాండాది," అంది లత.

"దావలో అంగడేదో ఉంటాదిలే."

"ఈడ అంగడి యాడుండాది?" అంది సరళ.

కారు దగ్గింది, మూలిగింది, ఆగింది. బానెట్ ఎత్తాను. ఫిల్టరు శనగపిండిలో ముంచిన మిరపకాయలా ఉంది. నూనెకు ముగ్గుపిండి అంటుకుని గాలి దూరే సందు లేదు.

"ముహూర్తానికి గంట కూడా ల్యాదు బావా!"

"అరవద్దు! నాకు తెల్సు!"

"మస్తాన్ వద్దని చెప్పినాడంట కదా?" అంది సరళ. "నాన్న బస్సెక్కినంక ఆయనకు ఫోన్ చేసి బాధపడినాడంట, ఇందాక నాన్న చెప్పినాడు."

అంతే, నాకు పూనకం వచ్చింది. ఫిల్టరు పీకి కంపచెట్లలోకి విసిరేశాను. "గాలి కావల్లనా? తాగు!" అని కారుమీద అరిచాను. కారు కదిలింది. రెండు మైళ్లు పోయాక, దుమ్మంతా ఇంజను కడుపులోకే పోతోందన్న జ్ఞానం కలిగింది. ఆపి, బానెట్ ఎత్తి, మెడలోని కొత్త కండువాను గాలి పీల్చే కార్బురేటరు నోటికి కప్పి, అక్కడి తీగ లాగి ఇంజను రేసు చేశాను. అది ఒక్క గుటకలో సగం కండువా మింగింది. ఒక కొస నేను లాగాను, రెండో కొస అది లాగింది. అదే గెలిచింది. తర్వాత అదీ చచ్చింది.

వెనక వస్తున్న ఇంకో ముగ్గురాయి లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, పెండ్లికూతుర్ని రోడ్డుమీద నిలబెట్టి గుడ్డలు పిండుతాండావా?" అన్నాడు.

లత నావైపు చూడనైనా చూడలేదు. చీర ఎత్తిపట్టి లారీ ఎక్కేసింది. వెనకే సరళ. ముందు నాకు చోటు లేదు. ముగ్గురాయి కుప్పమీద కూర్చుని రాజంపేట చేరాను. పెళ్లిమంటపం ముందు దిగితే, తలనుంచి పాదాలదాకా తెల్లగా ఉన్న నన్ను చూసి మగపెళ్లివారి పెద్దాయన ఒకాయన కసురుకున్నాడు: "ఇప్పుడొచ్చినావేమప్పా? సున్నం కొట్టేది నిన్ననే అయిపాయె!"

తాళి వేళకే పడింది. ఆ ఒక్క పుణ్యం వల్లే ఈరోజు మీ ముందు బతికి ఉన్నాను.

తర్వాత మస్తాన్ ఇంజను విప్పితే, లోపలి గోడలన్నీ పిల్లులు గీరినట్టున్నాయి. దానికి మళ్లీ ప్రాణం పోయడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. "తప్పయింది భాయ్," అన్నాను, నిజంగానే తలెత్తలేక. అతను నూనె డబ్బా నా చేతికిచ్చి, పాత ఫిల్టరులో గీత దాకా నన్నే పోయమన్నాడు.

పక్కనే నిలబడ్డ మామగారు వంగి గీత చూసి, నావైపు తిరిగాడు. "ముక్కుకు ఫిల్టర్ కారుకు పెట్టినారు. నోటికి ఫిల్టర్ నీకు పెట్టల్సింది అల్లుడా."

కాబట్టి నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కారు బానెట్టూ ఎత్తను. మెకానిక్ చెప్తుంటే నోరెత్తను. కానీ నా ముందు ఎవరైనా ఎర్ర ఫిల్టరు పేరెత్తితే మాత్రం, ఆపైన జరిగేదానికి నా పూచీ లేదు.